తొంభై తొమ్మిది మార్కుల మోడల్

భానుప్రకాష్ తెలివైనవాడే. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగా తెలియడమే చిక్కు. గాల్లో విమానం ఇంజిన్ ఎంత వేడెక్కాలో లెక్కగట్టే డీప్ లెర్నింగ్ మోడల్ ఒకటి అమెరికాలో, ఇర్వింగ్‌లోని తన ఆఫీసులో తయారుచేశాడు. దాని లెక్కకూ అసలు వేడికీ తేడా వస్తే ఇంజిన్‌కి జబ్బు చేసినట్టు. పరీక్షలో మోడల్‌కి నూటికి తొంభై తొమ్మిది వచ్చాయి. ఇక అతను నేలమీద నడిస్తే ఒట్టు.

పోయిన నెల మీటింగ్‌లో హనుమయ్య లేచాడు. ఇంజిన్లు రిపేరు చేసే షాపులో ముప్ఫై ఏళ్లుగా మెకానిక్. ఒక కార్గో విమానం ఎడమ ఇంజిన్ వేడి తనకు నచ్చడం లేదని, విప్పి చూద్దామని అన్నాడు.

"మోడల్ ఓకే అంటోంది. మీ ఫీలింగ్‌ని డేటాలో ఏ కాలమ్‌లో యాడ్ చేయమంటారు?" అని భాను ఇంగ్లీషులో అడిగాడు. గదంతా నవ్వింది. హనుమయ్య కూర్చున్నాడు.

ఈ ఉదయం, భాను టీమ్‌లో కొత్తగా చేరిన నైనిక ఒక్క ప్రశ్న వేసింది. "ట్రైనింగ్‌కి, టెస్ట్‌కి డేటా ఎలా స్ప్లిట్ చేశారు?"

అన్ని విమానాల డేటానీ పేకముక్కల్లా కలిపేసి పంచాడు. ఒకే ప్రయాణంలో ఒక సెకను చదువుకి, పక్క సెకను పరీక్షకి వెళ్లాయి. ట్యూషన్‌లో ప్రశ్నపత్రం ముందే చెప్పేసి, మావాడికి ఫస్టు ర్యాంకని మిఠాయిలు పంచిన బాపతు. పైగా ఆ ఎడమ ఇంజిన్ జ్వరాన్నే మోడల్ ఆరోగ్యమని నేర్చుకుంది. ఆ ఇంజిన్ డేటాని పక్కనపెట్టి మళ్లీ నేర్పిస్తే నలభై డిగ్రీల తేడా కనబడింది.

భానుకి తల కొట్టేసినట్టయింది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తోంది, కొత్త వెర్షన్ పేరుతో చల్లగా సరిచేసేస్తే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. మేనేజర్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు. ఆ కార్గో విమానాన్ని ఆపేశారు.

తర్వాత షాపుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాడు.

"అంకుల్, తప్పు నాది. మీరు చెప్పిందే రైట్. అందరి ముందూ మిమ్మల్ని..."

"పోనీలే బాబూ," అన్నాడు హనుమయ్య. "అంత చదువుకున్నోడివి అలా అన్నావు కదా, నాకే పట్టు తప్పిందేమో అనుకున్నా. ఆ తర్వాత ఇంకో రెండు ఇంజిన్ల మీద డౌటొచ్చింది. మళ్లీ నవ్వులపాలు ఎందుకని నోరు మూసుకున్నా."

భాను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "అవి ఎక్కడున్నాయి అంకుల్?"

"ఒకటి ఇక్కడే హ్యాంగర్‌లో ఉంది. రెండోది ఉన్న విమానం ఇందాకే టేకాఫ్ అయింది."