కంచె మార్చిన కొండ

"మా ఆయన్ని చంపింది పొగమంచు కాదు, మీరే!" అంది అట్రాక్టా.

శిఖరం మీద గొర్రెలవాళ్లంతా తలలు దించుకున్నారు. ఆమె భర్త మలాకీ చనిపోయి నెలైంది. అతను ఎప్పుడూ చుట్టివచ్చే శిఖరాల మీదుగానే నడిచి ప్రార్థన చేద్దామని వాళ్లే ఆమెను కొండెక్కించారు.

ఈ కొండల మీద బాటంటూ లేదు. పొగమంచు కమ్మితే కంచె గుంజల వెంటే ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి పోతారు. ఆ రోజు మలాకీ కూడా అలాగే నడిచాడు. కానీ గొర్రెలు దాటిపోతున్నాయని వీళ్లు అంతకుముందే ఆ కంచె పీకి, కింద ఊబి అంచున పాతారు. అది అతన్ని నేరుగా ఊబిలోకి తీసుకుపోయింది.

"కంచె గొర్రెల కోసం వదినా, నడిచేవాళ్ల కోసమా?" గొణిగాడు పక్కింటి కోల్మన్.

"నీ గొర్రె తప్పిపోయిన ప్రతిసారీ వానలో వెతికి తెచ్చిందెవరయ్యా? ఆ రోజు నీ గుమ్మం ముందు నుంచే కదా కొండెక్కాడు! టీ కూడా ఇచ్చావు. కంచె మార్చామని ఒక్క ముక్క చెబితే నీ నోరు అరిగిపోయేదా?"

"ఎప్పట్లాగే ఏదో జోకేశాడు వదినా. నవ్వుతూ మర్చిపోయాను," అంటూ కోల్మన్ కూలబడి ఏడ్చాడు.

ఆమెకూ ఏడుపు తన్నుకొచ్చింది. అయినా అతన్ని ఓదార్చలేదు.

"లేవయ్యా. ప్రార్థన తర్వాత చేద్దాం. రేపు ఇంకొకడు కింద ఉన్న ఆ గుంజల్ని నమ్ముకుని వస్తాడు. పీకండి వాటిని. పాత చోటే పాతండి. ఇవాళే, ఇప్పుడే!"