తాకితే మాట్లాడే వాన

నెలిదా ఆ భవనంలోకి మల్టీమీడియా నేర్చుకుందామని వెళ్ళలేదు. జనవరి నెల, భూమికి ఆ వైపున నడివేసవి. ఇతౌగ్వా ఊరంతా పెనంలా కాలుతోంది. బస్సుల రోడ్డు పక్కన ఉన్న సంస్కృతి భవనంలో కొత్తగా ఏసీ పెట్టారనీ, అక్కడేదో ఉచితంగా నేర్పుతున్నారనీ తెలిసి వెళ్ళింది. చల్లటి గదిలో మూల కుర్చీ చూసుకుని కూర్చుంటే రోజుకి నాలుగు పువ్వులు ఎక్కువ కుట్టుకోవచ్చని ఆమె ఆలోచన. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళలాగే ఆమెదీ న్యాందుతి లేసు పని. చెక్క చట్రానికి బట్ట బిగించి, దాని మీద సూదితో సాలెగూడు లాంటి పువ్వులు కుట్టి, చివరికి బట్టని కత్తిరించి తీసేస్తే దారం మాత్రమే మిగులుతుంది.

పాఠం చెప్పడానికి రాజధాని నుంచి వచ్చిన పెర్లాకి ముప్పై దాటి ఉండవు. గలగలా మాట్లాడే మనిషి.

"మల్టీమీడియా అంటే ఏంటో ఎవరైనా చెప్తారా?" అంది మొదటి రోజు.

నెలిదా చట్రం మీంచి తల ఎత్తకుండానే అంది: "టీవీకి పెట్టిన కొత్త పేరయ్యుంటుంది."

"టీవీ మీ మాట వింటుందా, న్యా నెలిదా?" అంది పెర్లా. పెద్దావిడల్ని అక్కడ 'న్యా' అని మర్యాదగా పిలుస్తారు.

"మా ఆయనే వినడు. టీవీ ఏం వింటుందిలే."

గది గొల్లుమంది. పెర్లా కూడా నవ్వి, బల్ల అంచు మీద కూర్చుంది. "అక్షరం, బొమ్మ, మాట, పాట, కదిలే బొమ్మ. ఇవన్నీ విడివిడిగా మనకి తెలిసినవే కదా. అన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఏది ముందు చూడాలో, ఎక్కడ ఆగాలో, ఏది మళ్ళీ వినాలో చూసేవాళ్ళ చేతికే వదిలేస్తే అదే మల్టీమీడియా. డాక్టర్లు కత్తి పట్టుకునే ముందు రోగి గుండెని తెర మీద అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు గదిలో తెర ముందే కూలిపోయి, లేచి వెళ్ళి కాఫీ తాగి వచ్చి మళ్ళీ ఎగురుతారు."

"అయితే ఎడమచేతి వాటం వాళ్ళకేమన్నా చేస్తుందా?" అని అడిగింది నెలిదా. ఆమెకి ఆ బాధ పాతదే. ఎడమచేతి వాటం ఉన్న మందుల షాపావిడ తన దగ్గర లేసు నేర్చుకుంటానని వచ్చి, ఎదురుగా కూర్చున్నా పక్కన కూర్చున్నా చెయ్యి తిరగక, చట్రం విసిరేసి వెళ్ళిపోయింది.

పెర్లా ఫోను తెచ్చి నెలిదా చేతుల్ని కాసేపు వీడియో తీసింది. తెర మీద ఎక్కడో నొక్కింది. బొమ్మ అద్దంలోలా తిరిగిపోయి, నెలిదా ఎడమచేత్తో కుడుతూ కనిపించింది. ఇంకోచోట నొక్కితే సూది నిద్రమత్తులో ఉన్నట్టు నెమ్మదిగా కదిలింది. ప్రతి ముడీ కళ్ళకి కట్టినట్టుంది.

నెలిదా చట్రం పక్కన పెట్టేసింది. ఏసీ సంగతి కూడా మరిచిపోయింది.

ఎండలు తగ్గేసరికి ఆమెకి మౌసు పట్టుకోవడం, బొమ్మ కత్తిరించడం, మాటని బొమ్మకి అతికించడం వచ్చేశాయి. చలికాలంలో జరిగే లేసు పండగకి పురపాలక సంఘం వాళ్ళు ఒక తాకే తెర కావాలన్నారు. పండగకి వచ్చినవాళ్ళు ఏ పువ్వుని ముట్టుకుంటే ఆ పువ్వు గురించి అది చెప్పాలి. పెర్లా ఆ పని నెలిదాకే అప్పజెప్పింది. జామపువ్వు, మల్లె, ఆవు గిట్ట, చీమలపుట్ట, ఇలా ఒక్కో పువ్వుకీ ఫొటో తీశారు. గ్వారనీలోనూ స్పానిష్‌లోనూ పేరు రాశారు. దారం తనంతట తానే చుట్టుకుంటూ పోయే బొమ్మ గీశారు. ఇంక మిగిలింది గొంతు.

"ఏదో ఒకటి మాట్లాడండి న్యా, మైకు సరిచూసుకోవాలి" అంది పెర్లా హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుంటూ.

"ఏం మాట్లాడను?"

"నోటికొచ్చింది."

నెలిదా నోటికి వచ్చేది ఒక్కటే: ఆమె మొగుడు సిరిలోకి అక్క, బ్రిహిదా. వదినా మరదళ్ళ మధ్య మాటలు ఆగిపోయి ఏళ్ళయింది. సిరిలో మాత్రం రెండిళ్ళలోనూ భోంచేసి, రెండుచోట్లా ఏమీ వినపడనట్టు నటించి సుఖంగా ఉన్నాడు.

"మా వదిన సంగతి చెప్తా విను. ఈ 'రేకుల కప్పు మీద వాన' పువ్వుందే, అది పుట్టింది మా వరండాలో, నా చట్రం మీద. ఆవిడ పక్కన కూర్చుని, మాతే టీ గుటక వేసినప్పుడల్లా నా ఒళ్ళోకి తొంగిచూసి, ఇంటికెళ్ళి అదే కుట్టి పండగలో బహుమతి కొట్టేసింది. పోనీ బాగా కుట్టిందా? అది వానా? పైపు పగిలి కారినట్టుంది. దారం చూస్తే ఉయ్యాల తాడే. ఆ బహుమతి ఇచ్చినవాళ్ళకి కళ్ళజోడు మార్చుకోమని చెప్పాల్సింది."

పెర్లా కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత నెలిదా గొంతు సవరించుకుని, బడిలో పద్యం అప్పజెప్పినట్టు అసలు చెప్పవలసింది చెప్పింది: ఈ పువ్వు వానచినుకుల్ని పోలి ఉంటుంది, మధ్య నుంచి మొదలుపెట్టాలి, దారం వదులు కాకూడదు.

రెండు రికార్డింగులకీ పేర్లు పెట్టే దగ్గర తంటా వచ్చింది. చెప్పవలసిన దానికి 'వాన' అని పేరు పెట్టింది. వదిన మీద మాట్లాడిన దాన్ని చెరిపేయడానికి మనసొప్పక, 'అసలు వాన' అని పెట్టి దాచుకుంది. వారం తర్వాత మాటల్ని బొమ్మలకి అతికించే పని మీద కూర్చున్నప్పుడు ఆ సంగతే గుర్తులేదు. 'అసలు' అని ఉంది గనక అదే అసలుదనుకుని తగిలించేసింది.

"నేనొకసారి చూడనా?" అంది పెర్లా.

"చెయ్యి పెట్టకమ్మాయ్. అంతా నేనే చేశానని చెప్పుకోవాలి."

పండగ రోజు పొద్దున చలిగాలి కొడుతోంది. వీధికి అడ్డంగా కట్టిన రంగురంగుల లేసు పందిరి రెపరెపలాడుతోంది. తెరని చావడిలో నిలబెట్టారు. మేయరు వచ్చి జామపువ్వుని ముట్టుకున్నాడు. నెలిదా గొంతు మర్యాదగా జామపువ్వు గురించి చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. ఆయనకి ఉత్సాహం పుట్టి వాన మీద వేలు పెట్టాడు.

"మా వదిన సంగతి చెప్తా విను" అంది తెర.

పెద్ద స్పీకర్లు. వీధి చివర చీపా రొట్టెలమ్మే ఆవిడ కూడా గంప దించి నిలబడింది. నెలిదా జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఆపుదామని తెర మీద కనపడిన చోటల్లా పొడిచింది. వేలు వేగం తగ్గించే గుర్తు మీద పడింది. మాట సాగిపోయింది. "దా...రం చూ...స్తే ఉయ్యా...ల తా...డే" అని నిదానంగా, ఒక్కో అక్షరమూ ఊరందరికీ అర్థమయ్యేలా వినిపించింది. నెలిదా శాలువా తీసి స్పీకరు మీద కప్పింది. ఏం లాభం, గొంతు కాస్త బొంగురుపోయిందంతే. చీపా తింటూ నిలబడ్డ సిరిలో రొట్టె జేబులో పెట్టుకుని గోడ పక్కనుంచి జారుకున్నాడు.

చిత్రమేమిటంటే, ఆ తర్వాత జామపువ్వు జోలికి ఎవరూ పోలేదు. వాన కోసం వరస కట్టారు. విన్నవాళ్ళు వెళ్ళి వినని వాళ్ళని వెంటబెట్టుకొచ్చారు. నెలిదా చావడి స్తంభం వెనక నిలబడి, భూమి చీలితే బాగుండును అనుకుంది.

మధ్యాహ్నానికి బ్రిహిదా వచ్చింది. ఆవిణ్ణి చూసి జనం దారి ఇచ్చారు. "నాకేం తొందర లేదు" అని వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక కళ్ళజోడు పెట్టుకుని, వాన మీద వేలు ఆనించి చివరిదాకా విన్నది. మళ్ళీ ఆనించి మళ్ళీ విన్నది.

"పైపు పగిలిందా?" అంది తెరతోనే. తర్వాత పెర్లా వైపు తిరిగింది. "నేను చెప్పేది కూడా ఇది చెప్తుందా?"

"చెప్తుంది న్యా. పక్కన ఇంకో బొత్తాం పెడితే చాలు."

"పెట్టు."

"వదినా, నేను కావాలని..." అని నెలిదా స్తంభం వెనకనుంచి వచ్చింది.

"నీతో కాదు, ఈ పెట్టెతో మాట్లాడుతున్నా."

వెనక గదిలో తలుపు వేసి మైకు పెట్టారు. నెలిదాని రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. బ్రిహిదా మైకుకి మరీ దగ్గరగా వంగి మొదలుపెట్టింది.

"ఆ రోజు ఆ వరండాలో నేనూ ఉన్నాను. వాన మోత మోగిపోతుంటే, 'నెలిదా, ఆ చప్పుడు చూడవే, దారంతో కుట్టెయ్యొచ్చు' అన్నది నేను. పెన్సిలు తీసింది తను. మాట నాది, గీత తనది. గీత గుడ్డ మీద కనిపిస్తుంది, మాట కనిపించదుగా. మరి ఉయ్యాల తాడంటావా, నా దారం మీద ఎద్దు పడుకున్నా తెగదు. తన దారం తుమ్మితే తెగుతుంది."

నెలిదాకి ఆ వాన గుర్తొచ్చింది. పక్కనుంచి ఎవరో ఏదో అన్నట్టూ గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ అది తన ఊహే అనుకుంది. ఒప్పుకునే బదులు ఇంకో వంక పట్టుకుంది.

"చప్పుడు చప్పుడు అంటావు గానీ, వినేవాళ్ళకి ఆ చప్పుడేదీ?" అంది.

పెర్లా వెంటనే కంప్యూటరులో వెతికింది. "రెడీగా ఉన్న వాన బోలెడుంది. ఇదుగో." ఎక్కడి వానో, సన్నగా జల్లులా కురిసింది.

"ఇది మన వాన కాదు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

బయట ఎండ కాస్తోంది. బ్రిహిదా చీపా ఆవిడ దగ్గర రేకు పళ్ళెం అడిగి తెచ్చింది. నెలిదా ఎదురింటి నుంచి మొక్కజొన్న గింజలు పట్టుకొచ్చింది. మైకు ముందు పళ్ళేన్ని వాలుగా పట్టుకుని పైనుంచి గింజలు వదిలారు.

"మెల్లిగా వదులు, అవి వడగళ్ళు" అంది నెలిదా.

"నువ్వు వదిలేవి చినుకులా? పాడైన కుళాయిలా ఒక్కో బొట్టూ కారుతోంది."

"ఇద్దరం కలిసి వదిలితే?"

కలిసి వదిలారు. మొదట చిటపట, తర్వాత ధారగా, ఆపైన మోత. పళ్ళెం చెయ్యి జారి గింజలన్నీ గదంతా ఎగిరిపడ్డాయి. ఒకటి పెర్లా మాతే గ్లాసులో తేలింది. నెలిదా ముందు నవ్వింది. బ్రిహిదా నవ్వకూడదని పెదాలు బిగించి దగ్గింది. దగ్గు ఆగక కుర్చీలో కూలబడింది.

పండగ ముగిసేలోపు తెర మీద వానకి మూడు గుర్తులు వెలిశాయి: నెలిదా మాట, బ్రిహిదా మాట, వాన చప్పుడు. ఊరు రెండుగా చీలి వాదించుకుంది. చాలామంది మూడూ విని, ఇంకోసారి వినడానికి వరస చివరికి వెళ్ళారు. మందుల షాపావిడ అద్దంలోలా తిరగేసిన నెలిదా చేతుల వీడియో ముందు చాలాసేపు నిలబడి, ఎడమచేతిని గాలిలో తిప్పుకుంటూ ఉంది.

అదంతా అతికించే ముందు, వెనక గదిలో కొత్త రికార్డింగు ముగ్గురూ కలిసి విన్నారు.

"నా దగ్గు తీసెయ్యగలవా?" అంది బ్రిహిదా.

"తీసెయ్యొచ్చు న్యా."

"మరి మా మరదలి నవ్వు?"

"అదీ తీసెయ్యొచ్చు. తెర మీద ఆ ముక్క చుట్టూ గీత గీసి చెరిపెయ్యడమే."

బ్రిహిదా కళ్ళజోడు తీసి పమిటలా వేసుకున్న శాలువాతో తుడుచుకుంది. నెలిదా వైపు చూడలేదు.

"దగ్గు తీసెయ్. ఆ నవ్వు ఉండనీ."