అద్దం మీది కాగితం

గుడ్డ ఇచ్చేసి గుమ్మంలోంచే వచ్చేస్తాను, టీ తాగి వెళ్ళమన్నా కూర్చోను, కజామా గారు మిఠాయి పెట్టె చుట్టి తెచ్చిన గుడ్డ కదా, ఊదారంగుది, కర్పూరం వాసన ఇంకా పోలేదు, ఆయన భార్య బీరువాలోది అయి ఉంటుంది, తిరిగి ఇవ్వడం మర్యాద, ఆ ఒక్క పనికే సెలవు రోజున రైలెక్కాను, ఇంకేం లేదు, ఇదుగో రైలు నిషి-హబుకి వదిలింది, పాతికేళ్ళుగా నేను పనిచేసే స్టేషనే, కిటికీలోంచి చూస్తే పరాయిదానిలా ఉంది, పడమరది నిషి, తూర్పుది హిగషి, ఉత్తరానిది కిత, దక్షిణానిది మినమి, అన్నిటికీ తోక హబుకే, మా ఊరికి పేర్ల కరువొచ్చినట్టు, తూర్పు నుంచి ఉత్తరానికి పోవాలన్నా దక్షిణానికి పోవాలన్నా మా పడమరకొచ్చి రైలు మారాల్సిందే, కజామా గారూ ఆ రోజు అలాగే వచ్చారు, టోపీ చేత్తో నలుపుతూ.

ఆయన అడిగింది ఒక్కటే, మా ఆవిడ బజార్లో పడిపోయిందట అమ్మా, ఉత్తర ఆసుపత్రికి ఎక్కడ దిగాలి అని, నేను అప్పుడు పక్క కౌంటర్ కుర్రాడు యగి మాటకి నవ్వుతున్నాను, కొత్త కటింగ్‌లో అచ్చం బడిపిల్లలా ఉన్నావు నుమాతా అక్కా, పుస్తకాల సంచీ ఒక్కటే తక్కువ అన్నాడు వాడు, ఆ నవ్వు నోట్లో ఉండగానే కిత-హబుకి, రెండో ప్లాట్‌ఫారం అనేశాను, ఏళ్ళ తరబడి చెప్పిన మాట, దానంతటదే వచ్చింది, ఆసుపత్రి ఏప్రిల్‌లోనే పాత పేరుతో దక్షిణానికి మారింది, మినమి-హబుకిలో దిగవలెను అన్న కాగితం కౌంటర్ అద్దానికి నేనే అంటించాను, వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ, కానీ అక్షరాలు బయటివైపు, నాకు కనిపించేది తెల్లటి వీపే.

రైలు కదిలే ముందు సిగ్నల్‌కి వేలు చూపి పచ్చ అని పైకి అనడం మా పద్ధతి, వినేవాళ్ళున్నా లేకున్నా సరే, కన్నూ వేలూ నోరూ కలిస్తే తప్పు జరగదని నేర్పారు, రోజుకి వందసార్లు లేచే వేలు ఆ ఒక్కసారి లేవలేదు, లేచి ఉంటే ఆ కాగితానికే తగిలేది.

ఆయన కితలో దిగితే పాత ఆసుపత్రి గేటుకి తాళం, మళ్ళీ వెనక్కొచ్చి దక్షిణానికి చేరేసరికి గంట దాటింది, ఆమె పోయి పది నిమిషాలైందట, ఈ సంగతి నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక మిఠాయి పెట్టెతో వచ్చి ఆయనే చెప్పారు, తిట్టడానికొచ్చారనుకున్నాను, ఆయనేమో నడుం వంచి దండం పెట్టారు, ఆ కంగారులో మీరు నాతో మర్యాదగా మాట్లాడారమ్మా, మీరు మినమి అనే చెప్పి ఉంటారు, నా కాళ్ళే పాత దారి పట్టాయి, కాగితం నా ముక్కు ముందే ఉంది, చదవలేదు, మా ఆవిడ, ఆయన వచ్చారా అని నర్సుని మూడుసార్లు అడిగిందట, దాన్ని ఒంటరిగా పంపింది నేనే అన్నారు, నేనేమన్నాను, అయ్యో అలా అనుకోకండి అన్నాను, అని పెట్టె అందుకున్నాను, ఎర్ర అలసందల మిఠాయి, యగి నాలుగు ముక్కలు తిన్నాడు, నేనూ ఒకటి తిన్నాను, అది సుఖంగా గొంతు దిగింది, అందుకే నన్ను చూస్తే నాకే అసహ్యం.

హిగషి-హబుకి వచ్చేస్తోంది, గుడ్డ మడతపెట్టాను, మళ్ళీ విప్పాను, పొరపాటున అన్న మాట ఒకటి, తెలిసీ మూసిన నోరు ఇంకొకటి, ఈ రెండోదే ఆయన్ని తింటోంది, ఈ పూట కూడా ఒక్క గిన్నె అన్నం ముందు కూర్చుని తనని తాను తిట్టుకుంటూ ఉంటారు, నా తప్పుకి, తలుపులు తెరుచుకున్నాయి, గుమ్మంలో ఆగను, లోపలికి వెళ్తాను, ఆమె ఫొటో ముందు కూర్చుని, కిత అన్నది నేనేనని ఆయనకి చెప్తాను.