పైపు మీద ఎనభై వోల్టులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందులోనూ లెక్క తెలియకుండా మాట్లాడేవాళ్ళంటే మరీను. మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెబుతాను. ఇంట్లో మాత్రం నా పాఠం వినే నాథుడు లేడు.

ఆ పొద్దున గౌడవెల్లి అంతా మంచులో ఉంది. మా షెడ్డులోకి ముందురోజే కోడిపిల్లలు దిగాయి. పుట్టి ఒక్కరోజైన పిల్లలు. వెచ్చదనం లేకపోతే మూలకు చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఊపిరాడక చచ్చిపోతాయి. సరిగ్గా అప్పుడే స్తంభం దగ్గర, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ తెగింది. మధ్యాహ్నం దాకా రాలేనని లైన్‌మన్ చెప్పేశాడు.

మా ఆయన నగేష్, ఊళ్ళో అందరూ చేసే పనే చేశాడు. న్యూట్రల్‌కు పోవాల్సిన హీటరు తీగను తీసి, షెడ్డు వెనక భూమిలో పాతిన ఇనుప ఎర్తు పైపుకు చుట్టాడు. హీటరు వెలిగింది కానీ మసకగా, ఉందో లేదో అన్నట్టు. పిల్లలు మూలకు చేరడం మొదలుపెట్టాయి.

"రోజా, జర మీటరు వెట్టి సూడు. ఏమైందో ఏమో," అన్నాడు.

నన్ను అడిగాడు. అదే నాకు గొప్ప. హీటరు రెండు కొసల మధ్య నూట యాభై వోల్టులు ఉన్నాయి. తీగలో ఐదు ఆంపియర్లు పోతున్నాయి. వోల్టుల్ని ఆంపియర్లతో భాగించాను. ముప్పై ఓములు, అంటే హీటరు బాగానే ఉంది. రెంటినీ గుణించాను. పవరు ఏడు వందల యాభై వాట్లు. లైనులో ఉన్న రెండు వందల ముప్పై వోల్టులూ అందితే అదే హీటరు పదిహేడు వందల వాట్లు దాటాలి.

"హీటరుకేం కాలే. రెండు వందల ముప్పైని ఐదుతోని భాగిస్తే మొత్తం దారికి నలభై ఆరు ఓములు వస్తాంది. హీటరుది ముప్పై పోతే మిగిలిన పదహారు మట్టిదే. మన్ను ఎండిపోయి కరెంటును ఆపుతాంది," అన్నాను.

"గంతేనా," అన్నాడు నగేష్. వెంటనే అర్థమైంది అతనికి. "అమ్మా, ఎర్తుల ఉప్పునీళ్ళు వొయ్యి."

మా అత్తమ్మ బాలనర్సమ్మ అప్పటికే బకెట్ అందుకుంది. ఏటా ఎండాకాలం ఆ పైపుకు నీళ్ళు పోసేది ఆవిడే. కోడిపిల్లలున్న షెడ్డులోకి చెప్పులతో రాకూడదు కాబట్టి కాళ్ళకు ఏమీ లేవు. అలాగే వెనక్కి వెళ్ళింది.

కాసేపటికి హీటరు ఎర్రబడింది. నగేష్ నా వైపు చూసి నవ్వాడు. నా పాఠం ఆ ఇంట్లో పనికొచ్చిన మొదటిరోజు అది, లోలోపల ఉబ్బిపోయాను. అలవాటుకొద్దీ మిగతా లెక్క కూడా వేసుకుంటూ కూర్చున్నాను. రెండు వందల ముప్పైలో నూట యాభై పోతే ఎనభై. ఆ ఎనభై వోల్టులూ ఎక్కడున్నాయి?

పైపు మీద. నీళ్ళు పోశాక కొంచెం తగ్గినా అక్కడే. ఆ పైపు దగ్గరికి, తడి మట్టిలోకి, ఒట్టి కాళ్ళతో ఆవిడను పంపింది నా లెక్కే.

వెనక తలుపు దాకా పరుగెత్తాను. అత్తమ్మ బురదలో నిలబడి రెండో బకెట్ వంపుతోంది. బరువు ఆపుకోవడానికి ఎడమచెయ్యి పైపు వైపు చాచింది. "ముట్టకు అత్తమ్మా," అని అరిచాను. పిల్లల గోలలో వినిపించలేదు. వెళ్ళి పట్టుకుంటే నేనూ అదే కరెంటులో పడతాను. వెనక్కి తిరిగి గోడమీది ఫ్యూజు లాగేశాను. నా వెనక బకెట్ పడిన చప్పుడైంది. తిరిగి చూసే ధైర్యం రాలేదు.

"బుజం దాకా జివ్వుమన్నదే," అన్న గొంతు వినిపించాక తిరిగాను. బురదలో కూర్చుని చెయ్యి రుద్దుకుంటోంది. "సలి గదా," అంది.

నగేష్ ఉరికొచ్చాడు. "పిచ్చి లేసిందా? జల్దీ ఫ్యూజు ఎయ్యి, పిల్లలు సస్తయి."

"పైపు మీద కరెంటు ఉంది. ఎనభై వోల్టులు."

"ఊరంత గిట్లనే జేస్తరు. ఎవలు సచ్చిండ్రు?"

ఒళ్ళు మండిపోయింది నాకు. "అయితే నువ్వు వట్టుకో. గీ నీళ్ళల్ల ఒట్టి కాళ్ళతోని నిలవడి పైపు వట్టుకో. నేను ఫ్యూజు వెడత."

అతను పైపును చూశాడు. దానికి తను చుట్టిన తీగను చూశాడు. కదల్లేదు. షెడ్డులో పిల్లల అరుపులు ఎక్కువయ్యాయి.

అత్తమ్మ మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచింది. నీళ్ళలోకి వెళ్ళి, రెండు చేతులతో పైపును గట్టిగా పట్టుకుంది.

"నేను వట్టుకుంట, ఎయ్యి బిడ్డా," అంది నాతో. "ముసల్దాన్ని, నాకేమైతది? పిల్లలు సస్తున్నయ్ అక్కడ."

నేను ఫ్యూజు పెట్టలేదు. నగేష్ నీళ్ళలోకి దిగి, పైపుకున్న తీగను పీకి అవతల పారేశాడు. తల్లి వేళ్ళను ఒక్కొక్కటే పైపు మీంచి విడదీసి, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇడువు బిడ్డా," అంది ఆవిడ. "పిల్లల్ని ఇంట్లకు మొయ్యాలె."

అతను వదల్లేదు.