వసారాలో సముద్రం

మా ఆయన విజయరత్నం సముద్రాన్ని పంజగుట్టకు తెప్పించింది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో. ఆ ఏడాదే నా కుట్టుమిషను వసారాలోంచి లేచిపోయి సామాన్ల గదిలో పడింది.

దఫ్తరులో ఆయన పై అధికారి, మేమంతా పెద్ద సాహెబు అనే ఆయన, లండనులో ఎక్కడో గాజుతొట్టిలో సముద్రపు చేపల్ని చూశాడట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి మా ఆయనకు కంటి మీద కునుకు లేదు. క్రిస్మసు విందుకు సాహెబును పిలవాలి, మన ఇంట్లోనే సముద్రం చూపించాలి, చూపిస్తే ఆయన మెచ్చుకుంటాడు, మెచ్చుకుంటే మా ఆయన కుర్చీ మారుతుంది. బందరులో ఉన్న తమ్ముడు ఏసుబాబుకి కబురు వెళ్లింది. ఉప్పునీళ్ల పీపాలు, వాటిలో చేపలు రైలెక్కి వచ్చాయి. దారిలో చచ్చినవి పోగా మిగిలినవి తొట్టిలో దిగాయి.

తొట్టిని వసారాలో పెట్టాడు. దక్షిణపు ఎండ తిన్నగా పడే చోట, అమీర్‌పేట వైపు పోయే టాంగాల్లోని వాళ్లందరికీ కనబడేట్టు. అది నా మిషను చోటు. మా చర్చి సంఘం ఆడవాళ్ల రవికలు, పిల్లల గౌన్లు అన్నీ నా చేతి కుట్టే. క్రిస్మసు నెలలో నాకు తల ఎత్తే తీరిక ఉండదు.

"మిషన్‌ది ఏమున్నదే, యాడ పెట్టినా తిరుగుతది" అన్నాడు.

కొన్నాళ్లకే గాజుకు పాచి పట్టింది. మొదట గోధుమరంగు మసకలా, తర్వాత పచ్చగా, తర్వాత జుట్టులా. ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతో తొట్టికి గడ్డం గీశాడు. మర్నాటికి మళ్లీ మొలిచింది. ఇంగ్లీషు పుస్తకం తెరిచి, కొత్త తొట్టికి పాచి రావడం మామూలేననీ ఓపిక పట్టాలనీ చదివి వినిపించాడు. వెలుతురు తగ్గించమని చెప్పే పక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు. చూడవచ్చిన వాళ్లందరి చేతా చేపలకు మేత వేయించాడు. తినగా మిగిలింది అడుగున కుళ్లి పాచికి ఎరువైంది.

మా ఇళ్లలో క్రిస్మసుకు ముందు సున్నం వేయడం ఆనవాయితీ. ఆయన తొట్టి వెనక గోడకు పూత మీద పూత వేయించాడు, ఆ తెలుపులో చేపలు మెరవాలని. మెరిసింది ఎండ. ఆ పైన రంగు కాగితాల నక్షత్రం కట్టి, దాని పక్కన గ్యాసుబత్తీ వేలాడదీశాడు, పాటలు పాడుతూ వచ్చే వాళ్లకు కూడా కనబడాలని. ప్రభువు పుట్టుకకు కట్టిన చుక్క మా ఇంట్లో పాచికి కాపలా కాసింది.

"గా తొట్టిని సామాన్ల అర్రల పెట్టుండ్రి. నా చోటు నాకియ్యుండ్రి" అన్నాను.

"అర్రల పెడితే ఎవరు చూస్తరే?"

నిజం చెప్పాలంటే పాచి సంగతి అప్పటికి నాకేం తెలియదు. నాకు కావలసింది నా వెలుతురు.

పక్కింటి రుద్రమ్మకు బర్రెలున్నాయి. ఆమె వచ్చి తొట్టిలోకి తొంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది. "జీవమ్మా, మా బర్రెలు తాగే తొట్టి సుత గిట్లనే ఉంటది గద! సాహెబుకు అదే చూపిస్తే అయిపోతది."

నేను నవ్వలేకపోయాను. ఆ ముందు రోజే మా సంఘంలోని లీలాకుమారి తన కొత్త రవిక తెచ్చి నా ముందు పడేసింది. రెండు చేతులూ ఎడమవే. ఆ చీకటి గదిలో, బియ్యం మూటల మధ్య, ఏది కుడో ఏది ఎడమో నాకే తెలియడం లేదు. ఆ కబురు పాకి, మరో ఇద్దరు వచ్చి తమ బట్టలు దర్జీకి ఇస్తామని పట్టుకుపోయారు. ఏళ్ల తరబడి తెచ్చుకున్న పేరు ఒక్క నెలలో పోతోంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం నల్ల బట్ట తెచ్చి, సాహెబు ముందు వేసుకోవడానికి షేర్వానీ కుట్టమన్నాడు. కుట్టాను. వేసి చూసుకునే తీరిక ఆయనకు లేదు, గాజు గీకుతున్నాడు.

క్రిస్మసు నాడు సాహెబు రానే వచ్చాడు. తొట్టి ముందు వంగి, రూమీటోపీ సర్దుకుని, చాలాసేపు చూశాడు.

"యే క్యా హై?"

"సముందర్, హుజూర్."

"మఛ్లీ?"

"అందర్ హై, హుజూర్." చేపలు పాచి లోపల ఉన్నాయట.

సాహెబు పాపం మర్యాదస్తుడు. చూపు తిప్పుకుందామని మా ఆయన వైపు తిరిగాడు, అప్పుడు షేర్వానీ కనబడింది. గుండీలన్నీ ఒక కాజా కిందికి జరిగి ఉన్నాయి. ఒక అంచు మోకాలి మీద, ఒక అంచు మోకాలి కింద. ఇది ఎవరు కుట్టారని అడిగాడు.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "కండ్లు లెవ్వా నీకు?" అని అందరి ముందూ నా మీద పడ్డాడు. "జర చూసి కుడితే ఏం పోతుండె?"

నేను సామాన్ల గది తలుపు తీశాను. "నల్ల బట్ట, నల్ల దారం, నల్ల చీకటి. గీ మూడింట్ల షేర్వానీ ఏదో మీరే చెప్పుండ్రి సాహెబ్."

సాహెబు లోపలికి చూశాడు, తొట్టి మీది ఎండ చూశాడు, పడీ పడీ నవ్వాడు. ఆ తొట్టిని ఇక్కడ పెట్టి ఈ మిషనును అక్కడ పెడితే రెండూ బాగుపడతాయి కదా అన్నాడు.

"వాహ్ హుజూర్!" అన్నాడు మా ఆయన, అరచేతులు రుద్దుకుంటూ. "గీ ఉపాయం మాకెవ్వరికీ తట్టలే!"

నా ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే సాహెబు నిలబడి ఉండగానే నా మిషను వసారాలోకి వచ్చేసింది.

చీకట్లో పాచి మెల్లగా చచ్చింది. ఇప్పుడు గాజు తళతళలాడుతోంది, చేపల పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు. చూసేవాళ్లే లేరు. సాహెబు మళ్లీ రాలేదు, కుర్చీ మారలేదు. లీలాకుమారి మాత్రం మళ్లీ వచ్చింది, ఇద్దరు వదినల్ని వెంటబెట్టుకుని.

ఒక పొద్దున ఆయన పత్రిక పట్టుకుని వసారాలోకి వచ్చాడు. "లోపల కనబడుతలేదు. జర జరుగు" అన్నాడు.

"పేపర్‌ది ఏమున్నదండి" అన్నాను, చక్రం తిప్పుతూ. "యాడ కూసున్నా చదువొచ్చు."