బిషప్ గారి భుజాల కోసం

దేవదారు పెట్టె తాళం చెక్కుచెదరలేదు గానీ, పద్నాలుగు నెలలు కూర్చుని కుట్టిన నక్షత్రపు బొంత మాత్రం లోపల లేదు.

వెర్నా పిండి చేతులతోనే అడుగుదాకా తడిమింది. పొయ్యిలో రొట్టెలు కాలుతున్నాయి. ఈ రోజు కెనడా దినం, దేశానికి పుట్టినరోజు. చర్చిలో రెండు వందల మందికి రొట్టెలు కావాలి. అవి ఎవరు చేయాలన్నది ఏ కమిటీలోనూ చర్చకు రాలేదు. ఒకప్పుడు చర్చి నడిపిన బడికి, ఆదివాసులకు విడిచిన ఈ రిజర్వు నుంచి క్రీ తెగ పిల్లల్ని పట్టుకుపోయినందుకు బిషప్ వచ్చి క్షమాపణ చెబుతాడట. క్షమాపణ వాళ్ళది, చాకిరీ మనది.

ఆమె తల్లి హ్యారియెట్‌ను ఆరేళ్ళప్పుడు ఆ బడికే తీసుకుపోయారు. వాళ్ళమ్మ చుట్టి పంపిన బొంతను మొదటిరోజే పొయ్యిలో వేశారు. ఆ మాట హ్యారియెట్ జీవితంలో ఒక్కసారే చెప్పింది. మధ్యలోని ఎరుపుతో సహా ఆ రంగులేమిటో మెల్లగా రాబట్టి వెర్నా మళ్ళీ కుట్టింది. రేపు ఉదయం సాస్కటూన్‌లో పట్నం ఆసుపత్రిలో ముసలామెకు గుండె ఆపరేషన్. లేచి వస్తుందని డాక్టరు కూడా మాట ఇవ్వలేదు. గౌరవంగా అమ్మ భుజాల మీద కప్పితే ఈ రోజే కప్పాలి.

తాళంచెవి ఎక్కడుంటుందో ఇద్దరికే తెలుసు. రెండో మనిషి భర్త క్లిఫర్డ్, ఆ చర్చికి పెద్ద.

పోయిన నెల పాస్టర్ పెంబరీ ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, క్షమాపణ అయ్యాక మీ ఆడవాళ్ళు బిషప్ గారికి బొంత కప్పితే పేపర్లో ఫొటో బాగుంటుంది, దేశమంతా ఒక్కటేనని తెలుస్తుంది అన్నాడు. తప్పు ఒప్పుకునేవాడికి బహుమానమేమిటని వెర్నా అడిగింది. క్లిఫర్డ్ నవ్వేసి, "దేవుడి దగ్గర కూడా బేరమేనా నీకు?" అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. అతను వాదించకుండా ఊరుకున్నాడంటే అనుమానించాలని ముప్పై ఏళ్ళ కాపురం నేర్పింది. రొట్టెల గోలలో ఆమె ఆ పాఠం మరిచిపోయింది.

వెర్నా పొయ్యి ఆర్పేసింది. సగం పిండి గిన్నెలోనే వదిలేసి ట్రక్కెక్కింది.

చర్చిలో జనం అప్పటికే నిండారు. బిషప్ కుర్చీ పక్కన, మేపుల్ ఆకున్న దేశ జెండా కింద, బల్ల మీద బొంత మడిచి ఉంది. దానికో కార్డు గుచ్చారు: 'మన్నించిన మనసుతో, రిజర్వు స్త్రీలు.' మన్నించామని ఏ స్త్రీని అడిగారో! అది క్లిఫర్డ్ చేతిరాత.

ఆమె కార్డు పీకి జేబులో పెట్టుకుంది. బొంత తీసుకుని, ముందు వరుసలో చక్రాల కుర్చీలో ఉన్న తల్లి భుజాల చుట్టూ కప్పింది. హ్యారియెట్ వేళ్ళు ఆ ఎర్ర రంగు మీద ఆగిపోయాయి.

క్లిఫర్డ్ గబగబా వచ్చాడు. బిషప్ కారు దిగుతున్నాడని, పరువు తీయొద్దని గొణిగాడు.

"అమ్మ బొంత ఇక్కడికెలా వచ్చిందో అమ్మకి చెప్పు," అంది వెర్నా. "అందరికీ వినపడాలి."

హ్యారియెట్ తలెత్తి అల్లుణ్ణి చూసింది. అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"నేనే తీశానత్తా," అన్నాడు. "మంచి పనికే కదా అనుకున్నా. అడిగితే వెర్నా ఇవ్వదని తెలుసు. అందుకే అడగలేదు."