ఎవరూ కాపురం లేని ఊరు

జీపు చప్పుడు వినబడితే చాలు, క్లెమెంట్ గ్యాప్‌లో తలుపులు మూసుకుంటాయి. జీపులో వచ్చేవాడు పన్ను కోసమో, వాటాలు తేలని తాతల భూమి కోసమో తప్ప రాడని ఆ ఊరి నమ్మకం. అందుకే కౌన్సిల్ డివిజన్ల సరిహద్దులు సరిచేసే అధికారి కిందటేడు వచ్చినప్పుడు, వెరోనా "చుట్టపు చూపుగా వచ్చానండీ" అంది. ముసలి టెర్షియస్ "మాది అవతలి కొండ" అన్నాడు. చర్చి పెద్ద, డీకన్ ఒత్నియేల్ అబద్ధమాడలేక మోకరించి, కళ్లు మూసుకుని, జీపు వెళ్లిపోయేదాకా ప్రార్థించాడు.

ఊళ్లో కాపురం ఉండేవాళ్లే లేరనుకుని, ఊరిని అవతలి కొండ డివిజన్‌లో కలిపేశారు. ఎండలు ముదిరాయి. ఇవతలి కౌన్సిలరు పంపే నీళ్ల లారీ కొత్త సరిహద్దు గీత దాటక, ఊరి కింది మలుపు దగ్గరే ఆగిపోతోంది. అవతలివాళ్ల లారీ ఈ కొండ ఎక్కలేకపోతోంది. డీకన్ భార్య ఐసిల్డా నొప్పెట్టే మోకాళ్లతో ఊటకు దిగి బకెట్లు మోస్తోంది.

"ఆ రోజు ఒక్క కన్నయినా తెరిచి ఉండకూడదా మహానుభావా!" అందామె.

డీకన్ పట్నం వెళ్లి అధికారిని బతిమాలి, ఆదివారం రమ్మన్నాడు. ఊళ్లో అందరికీ చెప్పాడు, "ఈసారి గుమ్మాల్లో నిలబడండి, నీళ్లొస్తాయి." అందరూ సరేనన్నారు.

ఆదివారం చర్చి అయ్యాక జీపు చప్పుడైంది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఊరంతా చెట్లలోకి పరిగెత్తింది.

"మనుషులేరీ డీకన్ గారూ?" అన్నాడు అధికారి.

డీకన్ చుట్టూ చూశాడు. ప్రతి పెరట్లోనూ కొబ్బరిపాలలో చిక్కుడుగింజల అన్నం ఉడుకుతోంది. అతను వెరోనా గిన్నె మూత తీసి, గరిటె అందుకున్నాడు.

"ఇదెవరిదో ఏమో! ప్లేటు పట్టండి సార్, వడ్డిస్తాను."

"ఎవరది నా గిన్నె మీద చెయ్యేసింది?" చెట్లలోంచి వెరోనా కేక.

"మీరు చుట్టపు చూపుగా వచ్చారు కదమ్మా?" అన్నాడు అధికారి.

"చుట్టాన్నయితే ఈ ఎండలో పొయ్యి ఊదుతానా బాబూ? ఈ ఇల్లు నాదే!"

పక్కింటి గిన్నె వైపు డీకన్ తల తిప్పాడో లేదో, టెర్షియస్ కర్ర పట్టుకుని వచ్చేశాడు. ఇక ఎవరి గిన్నె దగ్గరికి వాళ్లు పరుగు. అధికారి గిన్నెల పక్కన నిలబడ్డ తలలు లెక్కపెట్టుకున్నాడు.

"ఆ రోజు మీరు ప్రార్థనలో ఉన్నారు కదూ?" అన్నాడు వెళ్లేముందు.

"అవునండీ. మీరు తొందరగా వెళ్లిపోవాలనే," అన్నాడు డీకన్ తల దించుకుని. 'అదీ ప్రార్థన కిందికే వస్తుందా ప్రభూ?' అనుకున్నాడు.

సరిహద్దు గీత మళ్లీ మారింది. ఒక పొద్దున నీళ్ల లారీ మూలుగుతూ కొండెక్కింది. ఆ చప్పుడుకు ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. ఐసిల్డా తలుపు తప్ప. ఆవిడ డ్రమ్ములే ముందు నిండాయి. లోపల డీకన్ ప్రార్థన చేసుకుంటున్నాడు, ఒక కన్ను తెరిచే ఉంచి.